గంటు పడ్డ పాత క్షవరం కత్తికి మళ్ళీ పదును ఎలా వస్తుంది?

నా దగ్గరున్న కత్తి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసింది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కుళాయిలు, తిరగని గడియారాలు, జత లేని చెప్పుల మధ్య గోనెపట్టా మీద పడి ఉంటే బేరం చేసి 350 రూపాయలకు తెచ్చుకున్నాను. అక్కడ తెరిచి చూసినప్పుడు బాగానే ఉందనిపించింది. ఇంటికొచ్చి నగల షాపుల్లో వాడే 10ఎక్స్ భూతద్దం కింద పెడితే అప్పుడు కనిపించింది, మొన నుంచి సెంటీమీటరున్నర దూరంలో ఒక గంటు, చిట్టెలుక కొరికినట్టు. లోతు 0.6 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు. పిడి వైపు చివర ఇంకో చిన్న గంటు. ఇంతేనా, నాలుగుసార్లు రాయి మీద గీస్తే పోతుంది అనుకున్నాను. నాలుగు వారాలు పట్టింది, అందులో మూడు వారాలు నా తెలివితక్కువతనానికే పోయాయి, ఆ సంగతి కూడా చెప్తాను.

ముందు పేరు గురించి ఒక మాట. మంగలికత్తి అనేదే అందరి నోట్లో ఉన్న మాట. కానీ ఆ కులం పేరును తిట్టుగా వాడీ వాడీ ఎంత పాడు చేశారంటే, నాయీబ్రాహ్మణులను కించపరిచే మాటలు వాడకూడదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి నేను క్షవరం కత్తి అంటాను, చాలాచోట్ల ఊరికే కత్తి అని వదిలేస్తాను. ఇంకోటి, ఇప్పుడు సెలూన్లో మీకు కనిపించేది ఇది కాదు. అక్కడిది సగం బ్లేడు దూర్చే పిడి, తిరుమల కల్యాణకట్టలోనూ సగం బ్లేడే. నేను చెప్పేది మొత్తం ఒకే ఉక్కు పలకగా ఉండి, మొద్దుబారితే పారేయకుండా మళ్ళీ నూరుకునే పాత రకం గురించి.

ఈ కత్తి వంటింటి కత్తిలాంటిది కాదు, తేడా అంతా దాని వెన్నులో ఉంది. వంటింటి కత్తిని నూరేటప్పుడు ఎంత వాలుగా పట్టుకోవాలో మీ చెయ్యి నిర్ణయిస్తుంది, ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది, అయినా ఉల్లిపాయ తెగుతుంది. క్షవరం కత్తికి ఆ బెంగ లేదు. దాన్ని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టేస్తారు, వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాయికి తగులుతాయి, కోణం ఎంతో వెన్ను మందమూ కత్తి వెడల్పూ కలిసి ముందే తేల్చేసి పెట్టాయి. నా కత్తి వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి అంచు దాకా వెడల్పు 19 మిల్లీమీటర్లు. లెక్క కడితే అంచు దగ్గర రెండు పక్కలూ కలిసే కోణం 15 డిగ్రీలు. వంటింటి కత్తులకు ఇది 30 నుంచి 40 దాకా ఉంటుంది. అంత సన్నటి కోణం కాబట్టే గడ్డం తెగుతుంది, అంత సన్నటి కోణం కాబట్టే కుళాయికి చిన్నగా తగిలినా గంటు పడుతుంది.

దీనికి ఉక్కు స్వభావం కూడా తోడు. ఈ కత్తుల్లో కార్బన్ ఒక శాతం చుట్టుపక్కల ఉంటుంది, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దరిదాపుల్లో. ఇంత గట్టి ఉక్కు పెద్దగా వంగదు, పెళుసుగా విరుగుతుంది. నా కత్తి మీద సిల్వర్ స్టీల్ అని చెక్కి ఉంది, ఆ ముద్ర వెనక మన కథ కొంచెం ఉంది. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఊట్జ్ ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన ఆ రకం ఉక్కు గడ్డలను చూసి లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ముచ్చటపడ్డాడు, శాస్త్రవేత్త మైకేల్ ఫారడేతో కలిసి అలాంటిది తామే చేయాలని రకరకాల లోహాలు కలిపి చూశాడు. 1820లోనూ 1822లోనూ వాళ్ళు అచ్చువేసిన ఫలితాల్లో ఉక్కులో ఐదువందలో వంతు వెండి కలపడం ఒకటి. అక్కడి నుంచి పుట్టిన పేరే సిల్వర్ స్టీల్. తర్వాతి రోజుల్లో షెఫీల్డ్‌లో చాలామంది వెండి వేసినా వేయకపోయినా ఆ ముద్ర గుద్దేశారు, కాబట్టి నా కత్తిలో వెండి ఉందని నేనేమీ గొప్పలు పోవడం లేదు. పనికొచ్చే ఆనవాలు ఇంకొకటుంది: పక్కనే ఇంగ్లండ్ అని కూడా ఉంది. అమెరికాకు దిగుమతయ్యే వస్తువుల మీద దేశం పేరు ఉండాలని అక్కడి 1890 నాటి సుంకం చట్టం పట్టుబట్టాక ఈ ముద్రలు మామూలయ్యాయి, అంటే నాది బహుశా ఆ తర్వాతిది.

సరే, గంటు దగ్గరికి వద్దాం. గంటు పూడదు. ఈ ఒక్క ముక్క తలకెక్కితే సగం అయోమయం పోతుంది. పోయిన ఉక్కును తెచ్చి పెట్టలేం, వెల్డింగ్ చేయలేం, చుట్టూ మిగిలిన అంచు మొత్తం గంటు అడుగు దాకా దిగి రావాలి. మొన నుంచి పిడి దాకా 75 మిల్లీమీటర్ల పొడవునా 0.6 మిల్లీమీటర్లు అరిగిపోవాలి. ఆ అరుగుదలతో వెడల్పు తగ్గుతుంది, వెడల్పు తగ్గితే కోణం పెరుగుతుంది. నా లెక్కలో 19 కాస్తా 18.4 అయితే కోణం అర డిగ్రీ పెరుగుతుంది, అది పెద్ద విషయం కాదు. ఒక మిల్లీమీటరు తీసేస్తే 16 డిగ్రీలకు చేరుతుంది, అదీ పర్వాలేదు. రెండు, మూడు మిల్లీమీటర్ల గంటు అయితే మాత్రం చిక్కే, ఎందుకంటే కోణం ఒక్కటే కాదు, కత్తి పక్కలను లోపలికి తవ్వి పలచన చేసిన చోటు దాటి మందమైన చోటికి వెళ్ళిపోతాం, అక్కడ రాయితో చేత్తో నూరి అంచు తేవడం నెలల పని. అలాంటిది మళ్ళీ చక్రం మీద పెట్టి పక్కలు తవ్వగలిగినవాడి దగ్గరికే పోవాలి.

అందుకే రాయి తడిపే ముందు కూర్చుని చూడాల్సినవి కొన్నున్నాయి. మొదటిది పగులు. గంటు అడుగు నుంచి వెన్ను వైపు వెంట్రుక లాంటి గీత పాకితే ఆ కత్తిని అలమారలో పెట్టుకోండి, మొహం మీద పెట్టుకోకండి. గోటితో పక్కన మీటితే పలచటి కత్తి ఖంగున మోగుతుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. ఇది నూటికి నూరు పాళ్ళు నమ్మదగిన పరీక్ష కాదు గానీ అనుమానం తెప్పిస్తుంది, తర్వాత భూతద్దం తేలుస్తుంది.

రెండోది తుప్పు. మీద పట్టిన నల్లటి మచ్చలకు కంగారు పడక్కర్లేదు, వాటిని తోమితోమి తెల్లగా చేయాలని ఉబలాటపడేవాళ్ళు కత్తి మీద ముద్రలు కూడా తుడిచేస్తారు. ఎర్ర తుప్పుకు నూనె రాసి సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దితే చాలు. భయపడాల్సింది అంచు పక్కనే సూదితో పొడిచినట్టు ఉండే గుంటలకు. ఒక గంటు తీయడానికి నూరుతూ పోతే అంచు ఆ గుంట దగ్గరికి చేరుతుంది, అక్కడ ఇంకో గంటు పుడుతుంది, దాన్ని తీస్తే వెనక ఇంకోటి. గంటులు చిన్నవైనా ఇలాంటి కత్తి కొనద్దు. కొనేశాక తెలిస్తే, ఎక్కడ ఆగాలో ముందే అనుకోండి, లేకపోతే కత్తి అరిగి సుద్దముక్కంత అయ్యేదాకా ఆగలేరు.

మూడోది పిడి. పాత పిడుల్లో చాలా భాగం సెల్యులాయిడ్. దంతంలా, తాబేటి చిప్పలా కనిపించేలా చేసేవాళ్ళు. నిజంగానే దంతం అని ఎవరైనా ధర పెంచితే పక్కకు తప్పుకోండి, మన దేశంలో ఏనుగు దంతం కొనడం అమ్మడం నేరం. సెల్యులాయిడ్ పాతబడి కుళ్ళడం మొదలైతే నైట్రిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, కత్తి మూసి ఉన్నప్పుడు ఆ ఆవిరి నేరుగా ఉక్కు మీద పడుతుంది. పిడి లోపల దాక్కునే భాగం మాత్రమే తుప్పు పట్టి, బయటి భాగం మెరుస్తూ ఉంటే దొంగ ఎవరో అర్థమైనట్టే. పిడి మార్చకుండా అంచు బాగుచేయడం వృథా, ఏడాదికల్లా మళ్ళీ మొదటికొస్తుంది. అది మంటకు ఇట్టే అంటుకునే పదార్థం కూడా, దీపం దగ్గర పెట్టకండి.

నాలుగోది గంటు ఎక్కడుంది అన్నది, దీన్ని చాలామంది పట్టించుకోరు. నడుమ ఉంటే మొత్తం అంచు దిగాలి, తప్పదు. మొన దగ్గరో, పిడి దగ్గరి చివరో ఉంటే ఆ మూలను కాస్త గుండ్రంగా అరగదీస్తే గంటు మాయం, మిగతా అంచు జోలికి పోనక్కర్లేదు. పాత కత్తుల్లో కొన్నింటి మొన గుండ్రంగా, కొన్నింటిది చతురస్రంగా, కొన్నింటిది కొక్కెంలా ఉండేది ఎలాగూ, కాబట్టి ఆకారం కాస్త మారినంత మాత్రాన కత్తికి వచ్చే నష్టమేమీ లేదు.

ఇప్పుడు అరగదీయడం. ఇక్కడ వీధిలో సైకిలు మీద చక్రం పెట్టుకుని "కత్తులకు సాన" అని కేకేస్తూ వచ్చేవాళ్ళు గుర్తొస్తారు, దయచేసి వాళ్ళకు ఇవ్వకండి. కొడవళ్ళకూ కత్తిపీటలకూ వాళ్ళు చేసేది మంచి పనే. కానీ చక్రం నుంచి నిప్పురవ్వలు రాలుతున్నాయంటే అంచు దగ్గర ఎంత వేడి పుడుతోందో చూసుకోండి. కాగితం మందం ఉన్న అంచుకు వేడి పోయే దారి లేదు, క్షణంలో పసుపు రంగుకు, ఆ వెంటనే నీలానికి తిరుగుతుంది. నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు దాటిందని, ఆ చోట ఉక్కు మెత్తబడిపోయిందని. తర్వాత ఎంత నూరినా అక్కడ పదును నిలవదు. కాబట్టి రాయి, నీళ్ళు, చెయ్యి. అంతే.

గంటు పావు మిల్లీమీటరు లోపు ఉంటే 1000 గ్రిట్ రాయి (గ్రిట్ అంటే రాయి గరుకు నంబరు, నంబరు పెరిగితే రాయి నునుపు) మీద మామూలుగా నూరుతూ పోతే అదే పోతుంది. నాది అంతకంటే లోతు, అందుకని రెండు దారులు. ఒకటి, ముతక రాయి మీద మామూలుగానే పడుకోబెట్టి నూరుతూ పోవడం: వెన్ను కూడా చాలా అరుగుతుంది, గంటు అంచులు నూరుతున్నప్పుడే మళ్ళీ పెళ్ళలుగా ఊడుతుంటాయి. రెండోది చూడటానికి గుండె గుభేలుమంటుంది, కత్తిని నిటారుగా నిలబెట్టి, అంచును కిందికి పెట్టి, బ్రెడ్డు కోస్తున్నట్టు రాయి మీద లాగడం. అంచు పూర్తిగా చచ్చిపోతుంది, బదులుగా తిన్నటి మొద్దు గీత వస్తుంది. దీన్ని పాపంలా చూసేవాళ్ళున్నారు, నేను మాత్రం అర మిల్లీమీటరు దాటిన గంటుకు ఇదే మేలంటాను, ఎందుకంటే ఎంత తీశామో కళ్ళకు కనబడుతుంది, గంటు పక్కలు విరగవు, వంకరగా అరిగిన పాత అంచు కూడా ఈ పనిలోనే తిన్నగా అవుతుంది. బరువు వేయకుండా పదేసి లాగుళ్ళు, తర్వాత భూతద్దం, మళ్ళీ పది. గంటు అడుగున ఇంకా చీమ కాలంత నీడ ఉండగానే ఆపేయాలి, ఆ మిగిలింది నూరేటప్పుడు పోతుంది.

ఇలా చేశాక నా కత్తి అంచు మందం ఎంతయి ఉంటుందో లెక్కేశాను, దాదాపు 0.15 మిల్లీమీటర్లు. తెల్ల కాగితం కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు ఒక్కో పక్క నుంచి అందులో సగం అరిగితే రెండు పక్కలూ ఒక గీత మీద కలుస్తాయి. గంటు తీయడానికి పావుగంట పట్టింది. ఈ కలపడానికి అయిదారు గంటలు.

అసలు పని ఇదే, నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. అంచుకు ఆనుకుని రెండు పక్కలా సన్నగా మెరిసే చదును పట్టీ ఉంటుంది, దాన్ని బెవెల్ అంటారు. ఆ రెండు బెవెల్లూ పొడవునా ఎక్కడా ఖాళీ లేకుండా కలిస్తేనే అంచు. కలిశాయా లేదా అన్నది 1000 రాయి మీదే తేలిపోవాలి. 4000, 8000, 12000 రాళ్ళ పని ఆ కలిసిన గీత మీద గీతలు సన్నం చేయడమే, కలపడం వాటి వల్ల కాదు. ఒక్కో రాయిలో రేణువు సైజు చూడండి: 1000 గ్రిట్‌లో దాదాపు 14 మైక్రాన్లు, 8000లో కంపెనీని బట్టి ఒకటి నుంచి మూడు మైక్రాన్లు. ఉక్కు తినేది మొదటిది, మెరుగు పెట్టేది రెండోది. నేనేం చేశానంటే, 1000 మీద ఓ గంట నూరి, చేతి మీద రెండు వెంట్రుకలు తెగగానే అయిపోయిందనుకుని పైరాళ్ళకు ఎక్కేశాను. మూడు వారాలు. ప్రతి రాత్రీ 12000 మీద రెండొందల లాగుళ్ళు. బెవెల్ అద్దంలా మెరిసింది, అందులో ట్యూబులైటు కనిపించేది, ఫొటోలు తీసి నలుగురికీ పంపాను కూడా. గడ్డం మీద పెడితే పీకింది, మంట, చుక్కలు చుక్కలుగా నెత్తురు. రాళ్ళయ్యాక కత్తిని రుద్దే తోలుపట్టీ మంచిది కాదేమో, సబ్బు మంచిది కాదేమో, నా గడ్డమే మొరటుదేమో అని అన్నింటినీ అనుమానించాను.

చివరికి తేల్చింది పది రూపాయల మార్కర్ పెన్ను. బెవెల్ మీద రెండు పక్కలా నల్ల ఇంకు పూసి, రాయి మీద నాలుగే లాగుళ్ళు లాగి చూశాను. బెవెల్ నడుమా వెన్ను వైపూ ఇంకు పోయింది, సరిగ్గా అంచు మీద దారం పోగంత ఇంకు పొడుగునా అలాగే ఉంది. అంటే మూడు వారాలుగా నేను అంచును తాకనే లేదు, దాని వెనక ఉన్న చదునుకు మెరుగు పెడుతూ కూర్చున్నాను. ఇంకో పరీక్ష ఇంతకంటే సులువు: టేబుల్ లైటు కింద కత్తి అంచు పైకి ఉండేలా పట్టుకుని నేరుగా దాన్నే చూడండి. కలిసిన అంచు కంటికి కనిపించదు, వెలుగును తిప్పి పంపడానికి దానికి వెడల్పే లేదు. ఎక్కడైనా తెల్లటి గీతలా, చుక్కలా మెరిసిందంటే అక్కడ ఇంకా మొద్దుదనం ఉంది. నా కత్తి అంచు పొడుగునా వెండితీగలా మెరిసింది. మళ్ళీ 1000 రాయి దగ్గరికి దిగి, అయిదు రోజులు.

ఇలా కలవకపోవడానికి కత్తి ఒక్కటే కారణం కాదు, రాయి కూడా. నూరుతున్న కొద్దీ రాయి నడుమ పల్లం పడుతుంది, పల్లం పడ్డ రాయి మీద తిన్నటి అంచు ఎప్పటికీ పూర్తిగా ఆనదు. పెన్సిలుతో రాయి మీద గళ్ళు గీసి, గ్రానైట్ ముక్క మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి తడిపి, దాని మీద రాయిని రుద్దండి, గళ్ళన్నీ ఒకేసారి చెరిగిపోయేదాకా. ప్రతి సారీ కూర్చోబోయే ముందు ఇది చేయాలి. నేను చేయలేదు, ఎందుకంటే రాయి కొత్తది కదా అనుకున్నాను. కొత్త రాళ్ళు కూడా తిన్నగా ఉంటాయన్న నమ్మకమేమీ లేదు.

కత్తి సంగతికొస్తే, నూరు నూటయాభై ఏళ్ళ కిందటి షెఫీల్డ్ కత్తులు చేత్తో చేసినవి, కాస్తో కూస్తో మెలిక ఉంటుంది. రాయి వెడల్పు 6-7 సెంటీమీటర్లు, కత్తి అంతకంటే పొడవు. అందుకని తిన్నగా తోస్తే మొన ఎప్పుడూ బయటే ఉంటుంది. పిడి వైపు నుంచి మొదలుపెట్టి, అంచు ముందుండేలా తోస్తూనే పక్కకు కూడా జరుపుతూ, రాయి చివరికొచ్చేసరికి మొన రాయి మీద ఉండేలా ఏటవాలుగా లాగాలి. వెనక్కి తిప్పి ఇంకో పక్కతో అలాగే. పైనుంచి చూస్తే ఇంటూ గుర్తులా ఉంటుంది. తిప్పేటప్పుడు వెన్ను రాయి మీదే ఉండాలి, అంచు గాల్లో తిరగాలి, దీన్ని మరిచి అంచు మీద తిప్పితే గంటసేపు చేసింది సెకనులో పోతుంది. వెన్ను మీద టేపు వేయాలా వద్దా అని వాదించుకుంటూ ఉంటారు. కరెంటు పనివాళ్ళ ఇన్సులేషన్ టేపు ఒక పొర వేస్తే వెన్ను అరగదు, ముద్రలు పోవు, కానీ టేపు మందం రెండు పక్కలా కలిసి 0.3 మిల్లీమీటర్లయి కోణాన్ని దాదాపు ఇంకో డిగ్రీ పెంచుతుంది. గంటు తీసే మొరటు పనికి టేపు వేసి, చివరి రాళ్ళకు తీసేద్దామనుకునేవాళ్ళకు నా హెచ్చరిక: టేపు తీసిన మరుక్షణం కోణం మారిపోయింది, రాయి ఇప్పుడు అంచును కాక దాని వెనక చదునును తాకుతుంది, అంటే నా మూడు వారాల కథే మళ్ళీ. వేస్తే చివరిదాకా వేయండి, లేదా అసలు వేయకండి. నేను వేయలేదు. అందువల్ల నా వెన్ను 5 నుంచి 4.9కి దిగింది, పెరగాల్సిన కోణం కొంత దానివల్లే మళ్ళీ సర్దుకుంది. పాత కాలపు లెక్క అదే కదా, వెన్నూ అంచూ కలిసి అరిగితే కోణం చెడదు.

బలం గురించి కూడా చెప్పాలి. మా ఊళ్ళో ఇంటికొచ్చి క్షవరం చేసే పెద్దాయన ఉండేవాడు, మేం మామయ్యా అనేవాళ్ళం. అరుగు మీద పొది విప్పితే అందులో కత్తి, కత్తెర, చిన్న ఇత్తడి గిన్నె, అద్దం, అరచేతిలో పట్టేంత నల్లరాయి. ఒకసారి రాయి మీద నేను రుద్దుతానని మారాం చేస్తే కత్తి కాదు గానీ ఒక పాత చాకు ఇచ్చి, నా చెయ్యి చూసి "నొక్కకురా, దాని బరువు చాలు" అన్నాడు. అప్పుడేమీ అర్థం కాలేదు. వంటింటి కత్తి నూరేటప్పుడు అవతలి పక్కకు సన్నటి ఉక్కు పొర లేస్తే మంచి గుర్తు, అంచు దాకా నూరామని తెలుస్తుంది, దాన్నే బర్ అంటారు. క్షవరం కత్తికి ఆ పొర శత్రువు. 15 డిగ్రీల అంచు మీద బలం పెడితే అది రాయి మీద నుంచి వంగి పక్కకు పాకుతుంది, తీగలాంటి పొర అంచుకు వేలాడుతుంది. మోసం ఏమిటంటే ఆ పొరతో మొదటి గడ్డం చాలా బాగా తెగుతుంది! రెండో రోజుకు పొర విరిగి, అంచు పొడవునా భూతద్దానికి మాత్రమే కనిపించే చిన్న చిన్న గంటులు మిగులుతాయి. నిన్న బాగానే ఉన్న కత్తి ఇవాళ పీకుతోందని ఎవరైనా అంటే చాలావరకు జరిగింది ఇదే. అందుకే 1000 మీద కూడా బెవెల్ కలిసిందని తేలాక చివరి ముప్పై నలభై లాగుళ్ళు ఒక్కో పక్కకు ఒక్కొక్కటి మారుస్తూ, కత్తి బరువు తప్ప వేలి బరువు లేకుండా లాగాలి.

ఆ తర్వాతి రాళ్ళ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ పెద్ద చిక్కుల్లేవు. 1000 నుంచి 4000కో 5000కో, అక్కడి నుంచి 8000, ఓపికుంటే 12000. ఒక్కో రాయి మీద ముందటి రాయి వేసిన గీతలు పోయేదాకా ఉండాలి, భూతద్దం అబద్ధం చెప్పదు. 1000 తర్వాత ముంజేతి వెంట్రుకలు చర్మం దగ్గర పొడుగునా ఎక్కడ పెట్టినా తెగాలి. 8000 తర్వాత చర్మానికి అర సెంటీమీటరు పైన వెంట్రుక కొసలు చిటుక్కున ఎగరాలి. బెల్జియంలో ఆర్డెన్ కొండల నుంచి తవ్వే కోటిక్యూల్ అనే పసుపు రాయి ఒకటుంది, అందులో సన్నటి గార్నెట్ స్ఫటికాలు ఉంటాయి, వందల ఏళ్ళుగా క్షవరం కత్తులకు అదే పేరున్న రాయి. ఖరీదు ఎక్కువ. పెట్టుకోగలిగితే పెట్టుకోండి, కానీ కలవని అంచును అదీ కలపలేదు.

తోలుపట్టీ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మామయ్య దగ్గర పట్టీ ఉండేది కాదు, అరచేతిని చాచి దాని మీద అటూ ఇటూ తిప్పితిప్పి రుద్దేవాడు, మేం నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. మీరు అది ప్రయత్నించకండి. పట్టీ మీద కత్తి వెన్ను ముందుకు, అంచు వెనక ఈడ్చుకుంటూ వెళ్ళాలి, రాయికి సరిగ్గా వ్యతిరేకం. నార గుడ్డ మీద ముప్పై, తోలు మీద అరవై. పట్టీని వదులుగా పట్టుకుంటే తోలు అంచు చుట్టూ వంగి దాన్ని గుండ్రంగా చేసేస్తుంది, కాబట్టి బిగువుగా లాగి పట్టుకోండి. మొదటి రోజుల్లో పట్టీ కోసుకోని వాడు లేడు, అందుకని ఖరీదైన తోలు ముందే కొనకండి.

గడ్డం మీద పెట్టే ముందు ఒక పని, సంతలో కొన్న కత్తి అది, ఎవరెవరి మెడల మీద తిరిగిందో తెలియదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కత్తిని, పిడి సందుల్ని బాగా తుడిచి ఆరనివ్వండి. మరిగే నీళ్ళలో వేస్తే పాత పిడి వంకరపోతుంది. తర్వాత వేడినీళ్ళ టవల్, చిక్కటి నురగ, చర్మాన్ని ఇంకో చేత్తో బిగదీసి, కత్తి వెన్ను చెంపకు రెండు వెన్నుల మందమంత ఎత్తులో ఉండేలా పట్టుకుని, మొదటి రోజు చెంపలు మాత్రమే. గడ్డం కింద, మీసం దగ్గర నెలాగి చూసుకోవచ్చు.

నాలుగో వారం ఆదివారం నా ఎడమ చెంప మీద కత్తి దిగినప్పుడు ఏ చప్పుడూ రాలేదని మొదట భయపడ్డాను, అంచు తగల్లేదేమోనని. నురగ తుడిస్తే చెంప నున్నగా ఉంది. ఇప్పుడు వెర్నియర్ పెడితే వెడల్పు 18.3. పిడి వైపు చివరనున్న ఆ చిన్న గంటు సగం మూల గుండ్రం చేసేటప్పుడు పోయింది, మిగతా సగం అలాగే ఉంది. అది మొహానికి తగలదు, దాని కోసం ఇంకో పావు మిల్లీమీటరు ఉక్కు తినడానికి నాకు మనసు రాలేదు.